విశ్వసనీయ వర్గాలు ఎవరు? సరిహద్దు జిల్లాల క్రీడా విలేకరులకు ఒక బహిరంగ లేఖ

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి తెలుగు, ఒడియా పత్రికలకూ ఛానళ్ళకూ క్రీడావార్తలు పంపే విలేకరులకు, ఆ వార్తలను దిద్ది అచ్చుకు పంపే డెస్కువారికి, వారందరి పైన ఉన్న సంపాదకులకు బరంపురం నుంచి ఒక క్రీడాకారిణి తండ్రి నమస్కరించి రాస్తున్న లేఖ.

అయ్యా, అమ్మా,

మా జిల్లాల్లో పిల్లలు ఆడే ఆటల గురించి నాలుగు వాక్యాలు రాసేది మీరే. జిల్లా పోటీల ఫలితాలు మీరు వేయకపోతే ఇంకెవరూ వేయరు. ఆ సంగతి మరిచిపోయి ఈ లేఖ రాయడం లేదు. మా పిల్లల కోచ్ మీద ఆధారం లేకుండా వచ్చిన ఒక వార్త గురించి విడిగా రాసిన ఉత్తరాలకు జవాబు రాకపోవడం వల్ల ఇలా అందరి ముందూ రాయవలసి వచ్చింది.

నేను బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాస్తాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది ఒడియా. మా అమ్మాయి ఆరో తరగతి నుంచి వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటోంది. ఈ ఆట మా వైపు వారికి కొత్తది కాదు. సరిహద్దుకు అటువైపు శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది. ఇటువైపు మా బరంపురం కుర్రాడు కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2014 గ్లాస్గో క్రీడల్లో రజతం గెలిచాడు. ఆటో మీదా, కూరగాయల బండి మీదా, మగ్గం మీదా బతికే ఇళ్ళలో ఆడపిల్లను బరువులెత్తే చోటికి పంపడానికి ధైర్యం ఇచ్చింది ఆ రెండు పేర్లూ, మా పిల్లలను పేరుపేరునా ఎరిగిన ఒక మాస్టారూ. ఆ మాస్టారి మీద వచ్చిన ఒక వార్తే ఈ లేఖకు కారణం.

రాష్ట్రస్థాయి పోటీలకు ఇరవై ఆరు రోజుల ముందు ఒక పత్రిక జిల్లా పేజీలో తొమ్మిది పంక్తుల వార్త వచ్చింది. మా మాస్టారు ఆంధ్రాలో ఏదో అకాడమీకి వెళ్ళిపోతున్నారనీ, ఇక్కడి శిక్షణకేంద్రం మూతపడవచ్చుననీ, ఆయన మీద ‘కొన్ని ఆరోపణలు’ కూడా ఉన్నాయనీ ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అని అందులో రాశారు. ఆ ఆరోపణలు ఏమిటో రాయలేదు. ఆ వర్గాలు ఎవరో చెప్పకపోతే పోనీ, ఏ పక్షం వారో కూడా చెప్పలేదు. మాస్టారు ఏమన్నారో లేదు. ఆయనను అడిగామనీ లేదు, అడిగితే దొరకలేదనీ లేదు. ఆ ఉదయం ఐదున్నరకు ఆయన ఎప్పటిలాగే కేంద్రం తాళం తీసి పిల్లల చేత కసరత్తు మొదలుపెట్టించారు. తనను గురించి అచ్చయిన వార్త ఆయనకు ఒక శిష్యుడి తండ్రి ఫోనులో చూపిస్తేనే తెలిసింది.

ఆయన ఆ నెలలో వెళ్ళలేదు, ఆ తరవాతి నెలలో వెళ్ళలేదు, ఈ లేఖ రాస్తున్న రోజు వరకూ వెళ్ళలేదు. ఏ అకాడమీకీ దరఖాస్తు పెట్టలేదని తల్లిదండ్రులందరి ముందూ చెప్పారు. ఆయన మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఏదీ తమకు అందలేదని కేంద్రం నడిపేవారు చెప్పారు. ఆ పత్రిక సంపాదకుడికి నేను మూడుసార్లు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. ఫోను చేస్తే ఆ వార్త పంపిన స్ట్రింగర్ (నెలజీతం లేని స్థానిక విలేకరి) ఇప్పుడు తమ దగ్గర లేడన్నారు. స్వయంగా కార్యాలయానికి వెళితే వార్త చెప్పినవారి పేరు బయటపెట్టడం కుదరదన్నారు. నేను ఆ పేరు అడగనే లేదు. ఆ మనిషికి ఈ సంగతి ఎలా తెలిసిందో కనుక్కున్నారా, మాస్టారిని అడిగారా, తప్పని తేలింది గనుక సవరణ వేస్తారా అని మూడే ప్రశ్నలు అడిగాను. మూడింటికీ జవాబు రాలేదు. ఆ వార్త ఎవరు చెప్పి ఉంటారన్న దాని మీద మా వీధిలో చాలా ఊహలు ఉన్నాయి. రుజువు లేదు గనుక వాటిలో ఒక్కటి కూడా ఇక్కడ రాయను.

పద్దులు చూసే అలవాటున్నవాణ్ణి గనుక ఈ వార్త ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాను. పత్రికలో రావడానికి ముందు రాత్రి ఒక వాట్సాప్ గ్రూపులో ‘మాస్టారు వెళ్ళిపోతున్నారంట’ అని ఒకే ఒక్క వాక్యం ఉంది. మర్నాడు పత్రికలో తొమ్మిది పంక్తులయ్యాయి. ఆ మధ్యాహ్నం ఒక యూట్యూబ్ ఛానల్ ఆ తొమ్మిది పంక్తులనే సాగదీసి ఆరు నిమిషాల వీడియో చేసింది. మూడో రోజు ఒక ఒడియా పత్రిక ‘ఈ మేరకు ఇప్పటికే వార్తలు వెలువడిన విషయం తెలిసిందే’ అని మొదలుపెట్టి అదే సంగతి రాసింది. అప్పటికి మా వీధిలో, రెండు పేపర్లలో వచ్చింది, ఛానల్లో కూడా వచ్చింది, ఇంతమంది చెప్పినది అబద్ధం ఎలా అవుతుందనే మాట స్థిరపడింది. ఒకే బిల్లును మూడు పుస్తకాల్లో ఎక్కించినంత మాత్రాన మూడు అమ్మకాలు జరిగినట్టు కాదని మా దుకాణంలో నిన్న చేరిన కుర్రవాడికి కూడా తెలుసు. వార్తల విషయంలో ఆ లెక్క చూసే మనిషి నాకు ఎక్కడా కనిపించలేదు.

దీని ఫలితం ఎవరెవరి మీద ఎలా పడిందో వరసగా మనవి చేస్తాను.

1. మొదటి దెబ్బ పిల్లల చదువు మీద పడింది. మా కేంద్రంలో చేరిన పిల్లల్లో ఒక ఆటోడ్రైవరు కొడుకు ఉన్నాడు. మాస్టారు ఆంధ్రా వెళితే ఆయన వెంటే పిల్లవాణ్ణీ పంపాలనీ, ఆలస్యమైతే అక్కడ చోటు దొరకదనీ ఆ తండ్రి కంగారుపడ్డాడు. వార్త వచ్చిన వారంలోపలే బడికి వెళ్ళి టీసీ తీసుకుని, ఇచ్ఛాపురం అవతల మేనత్త ఇంట్లో పిల్లవాణ్ణి దించి, అక్కడి తెలుగు మీడియం బడిలో చేర్పించాడు. ఎనిమిదేళ్ళు ఒడియా అక్షరాలతో లెక్కలూ, సైన్సూ చదివిన పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడగలిగినా తెలుగు పాఠ్యపుస్తకం తిన్నగా చదవలేకపోయాడు. మాస్టారు అటు రాలేదు. రెండు నెలల తరవాత తండ్రి తీసుకొచ్చి పాత బడిలో మళ్ళీ చేర్పించబోతే హాజరు చాలలేదన్నారు. ఒక సంవత్సరం పోయింది. సరిహద్దున బతికేవారికి ఇంకో చిక్కు ఉంది: బడి మారినట్టే ఆట కాగితాలూ రాష్ట్రం మారాలి, ఇక్కడి సంఘం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి, అక్కడి సంఘం ఒప్పుకోవాలి. ఆ పిల్లవాడు ఆ ఏడు ఒడిశా తరఫునా ఆడలేదు, ఆంధ్రా తరఫునా ఆడలేదు. తొమ్మిది పంక్తులు రాసినవారికి ఈ పిల్లవాడు ఉన్నాడని కూడా తెలియకపోవచ్చు. అందుకే చెబుతున్నాను.

2. ‘కొన్ని ఆరోపణలు’ అన్న రెండు మాటల భారం ఆడపిల్లలు మోశారు. కోచ్ మీద ఆరోపణ అనగానే జనం మనసు డబ్బు వైపు పోదు, ఇంకో వైపు పోతుంది. ఆ వారంలో నలుగురు ఆడపిల్లలు కేంద్రానికి రావడం మానేశారు. మానిపించినది వారి తల్లులూ నాయనమ్మలూ. అప్పటికే ఆడపిల్లకు ఈ బరువులేమిటని గొణుగుతున్న పెద్దవాళ్ళకు పత్రికే సాక్ష్యం అందించినట్టయింది. వారిలో ఇద్దరు తిరిగి రాలేదు. ఒక అమ్మాయికి పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. మా అమ్మాయి ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, “నాన్నా, మాస్టారు ఏం చేశారంట?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ వార్త రాసినవారి దగ్గర కూడా లేదని ఇప్పుడు తెలుసు.

3. ఆటకు జరిగిన నష్టం వెయిట్‌లిఫ్టింగ్ తెలియనివారికి చిన్నదిగా కనిపించవచ్చు. పోటీకి మూడు నాలుగు వారాల ముందు కాలం ఈ ఆటలో చాలా సున్నితమైనది. ఎంత బరువు ఎత్తించాలి, ఎప్పుడు తగ్గించాలి, పిల్ల శరీరబరువు ఏ విభాగంలో నిలబెట్టాలి అన్నవన్నీ అప్పుడే తేలతాయి. పోటీలో స్నాచ్‌కు (బరువును ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) మూడు అవకాశాలు, క్లీన్ అండ్ జెర్క్‌కు (ముందు భుజాల దాకా, తరవాత తల పైకి ఎత్తడం) మూడు అవకాశాలు ఉంటాయి. స్నాచ్‌లో మూడూ తప్పితే మొత్తం బరువు లెక్కలోకే రాదు. మొదటి ప్రయత్నం ఎంతతో మొదలుపెట్టాలో చెప్పేది కోచ్. ఆ అంకె మీద పిల్లకు నమ్మకం ఉండాలి, ఎందుకంటే వేదిక మీద ఆమె ఒంటరిది. మా అమ్మాయి ఆ వార్త తరవాత తొమ్మిది రోజులు ఇంట్లోనే ఉంది. తప్పు నాది కూడా, నేనే ఆపాను. తిరిగి వెళ్ళాక మాస్టారు తక్కువ బరువుతో మొదలుపెట్టమంటే, ఈయన నిజంగా నా బాగు కోసమే చెబుతున్నారా, వెళ్ళిపోయే మనిషికి నా సంగతి ఎందుకు అని అనుమానపడి, మొండికేసి ఎక్కువ బరువుతో మొదలుపెట్టింది. మూడు స్నాచ్‌లూ తప్పాయి. నాలుగేళ్ళ శ్రమ ఉన్న పిల్ల ఫలితాల పట్టికలో అంకె లేకుండా మిగిలింది.

4. మాస్టారి జీతం ఏడాదికోసారి పొడిగించే ఒప్పందం మీద వస్తుంది. ఆ పొడిగింపు కాగితం ఆ సంవత్సరం రెండు నెలలు ఆలస్యమైంది. వార్తే కారణమని నేను రుజువు చేయలేను. ఆ రెండు నెలలూ ఇంటి అద్దె అప్పు చేసి కట్టారని మాత్రం తెలుసు.

5. ఈ చివరి సంగతి మన సరిహద్దు జిల్లాలకే ప్రత్యేకం గనుక కాస్త విపులంగా చెప్పాలి. మన దగ్గర ఒకే వార్త ఒడియా నుంచి తెలుగుకూ, తెలుగు నుంచి ఒడియాకూ రోజూ దాటుతూ ఉంటుంది, దాటేటప్పుడు క్రియాపదం బరువు మారిపోతుంది. మూడో రోజు మా మాస్టారి సంగతి రాసిన ఆ ఒడియా పత్రికలో ‘జాయిపారంతి’ అని ఉంది. వెళ్ళవచ్చు అని దాని అర్థం, వెళుతున్నారని కాదు. ఆ వార్తను తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టినవారు ‘వెళ్ళిపోతున్నారు’ అని రాశారు. ఇచ్ఛాపురం చేరేసరికి ‘వెళ్ళిపోయారు’ అయింది. అలాగే ఒడియాలో ‘సూత్రరు జణాపడిఛి’ అని రాస్తే, ఎవరో చెప్పగా తెలిసింది అన్నంత వరకే దాని భావం. దాన్ని మనవాళ్ళు ‘విశ్వసనీయ వర్గాలు ధ్రువీకరించాయి’ అని తెలుగు చేస్తున్నారు. ఆ విశ్వసనీయత ఎక్కడి నుంచి వచ్చింది? ధ్రువీకరణ ఎవరు చేశారు? ఒడియా చదవడం రాని మా అమ్మలాంటివారు తెలుగులో వచ్చినదే నమ్ముతారు. రెండు భాషలూ వచ్చిన మీరు ఆ ఒక్క క్రియాపదం దగ్గర జాగ్రత్తపడకపోతే ఆమెను కాపాడేవారు ఇంకెవరూ లేరు.

ఇది మా ఊరి చిన్న కేంద్రానికే పరిమితమైన వ్యవహారం కాదని నాకు తెలుసు. దేశమంతా చూసే ఆటల్లోనూ కోచ్‌ల గురించి వచ్చే వార్తలు ఇలాగే నడుస్తున్నాయి. 2024 మే 13న భారత క్రికెట్ జట్టుకు కొత్త కోచ్ కోసం బోర్డు దరఖాస్తులు పిలిచింది. ఆ రెండు వారాల్లో పేరు చెప్పని బోర్డు వర్గాల పేరిట విదేశీ కోచ్‌ల పేర్లు ఎన్నో తిరిగాయి. తనతో ఐపీఎల్ సమయంలో అనధికారికంగా మాట్లాడారని ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ రికీ పాంటింగ్ అన్నాడు. మే 24న అప్పటి బోర్డు కార్యదర్శి జై షా, తానుగానీ బోర్డుగానీ ఏ ఆస్ట్రేలియా మాజీ క్రికెటర్‌కూ కోచ్ పదవి ఇవ్వజూపలేదని ప్రకటించారు. వీరిద్దరి మాటలూ ఎంతవరకు పొసగుతాయో పాఠకుడు తూచి చూసుకోవచ్చు, ఎందుకంటే ఇద్దరూ పేరుతో మాట్లాడారు. రేపు ఏ మాట తప్పని తేలినా దానికి బాధ్యుడు ఎవరో తెలుస్తుంది. పేరులేని వర్గాల మాట తప్పని తేలిన రోజున బాధ్యుడు ఉండడు. ఆ వేసవిలో పుకార్లలో నలిగిన విదేశీయులెవరూ రాలేదు. జులై 9న గౌతమ్ గంభీర్ నియామకాన్ని ప్రకటించారు.

అయితే పేరు దాచినవారు చెప్పేదంతా అబద్ధమనీ, పేరుతో చెప్పేదంతా నిజమనీ నేను వాదించడం లేదు. 2017 జులై 11న రవిశాస్త్రిని కోచ్‌గా నియమించారని పగలే వార్తలు వచ్చాయి. బోర్డు తాత్కాలిక కార్యదర్శి అమితాబ్ చౌదరి ఇంకా ఏ నిర్ణయమూ జరగలేదని ఖండించారు. ఆ రాత్రే బోర్డు రవిశాస్త్రి పేరు ప్రకటించింది. అక్కడ ముందుగా వచ్చిన వార్తే నిలబడింది. 2025 జులైలో భారత ఫుట్‌బాల్ కోచ్ పదవికి స్పెయిన్ దిగ్గజం చావి దరఖాస్తు చేశాడన్న వార్త సమాఖ్యలోని బాధ్యుల నుంచే బయటికి వచ్చింది. మర్నాడు సమాఖ్యే, చావి పేరుతోనూ పెప్ గార్డియోలా పేరుతోనూ వచ్చిన ఈమెయిళ్ళు అసలైనవి కావని ప్రకటించవలసి వచ్చింది. ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ను నియమించారు. దరఖాస్తు కాగితాన్ని చేత్తో పట్టుకున్నవారే మోసపోగలిగితే, ఆ కాగితం గురించి ఎవరో అనగా విన్నవారి మాట మీద ఎంత బరువు పెట్టవచ్చో మీరే ఆలోచించండి. మూలం లోపలివాడా కాదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. అతను స్వయంగా చూశాడా, విన్నాడా, ఊహించాడా అన్నది రెండో ప్రశ్న. ఈ రెండో ప్రశ్న అడిగే విలేకరి నాకు తెలిసినంతలో అరుదు.

మూడో ప్రశ్న ఇంకొకటి ఉంది, అదే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ మాట అచ్చయితే చెప్పినవాడికి ఏం కలిసివస్తుంది? కోచ్ పదవి చుట్టూ ఎప్పుడూ ఆశలు ఉంటాయి. ఆ కుర్చీ కోరుకునే ఇంకో కోచ్ ఉంటాడు. వేరే చోటి నుంచి పిలుపు వచ్చిందని రాయిస్తే జీతం పెంచుతారని ఆశించే మధ్యవర్తి ఉంటాడు. సంఘంలో రెండో వర్గం ఉంటుంది. తీసేస్తే జనం ఏమంటారో నాడి పట్టి చూద్దామని ముందుగా లీకు వదిలే అధికారి ఉంటాడు. వీరెవరూ నిజం చెప్పినందుకు ప్రమాదంలో పడేవారు కాదు. మాట్లాడడం వల్ల లాభపడేవారు. వీరికి మీరు పేరు దాచుకునే సౌకర్యం ఇచ్చినప్పుడు, ఆ సౌకర్యం ఖరీదు ఆటోడ్రైవరు కొడుకు చెల్లిస్తున్నాడు.

మాట్లాడితే నష్టపోయేవారి సంగతి పూర్తిగా వేరు. 2023 జనవరి 18న వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పూనియాలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చుని అప్పటి కుస్తీ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు బయటపెట్టారు. దేశమంతా ఎరిగిన మల్లయోధులు రోడ్డు మీద కూర్చున్నాక కూడా ఏప్రిల్ 28 దాకా పోలీసు కేసు నమోదు కాలేదు. ఇక ఏ పతకమూ లేని పద్నాలుగేళ్ళ పిల్ల తన కోచ్ గురించి పేరు పెట్టి ఎలా చెబుతుంది? అలాంటి పిల్ల మీ దగ్గరకు వస్తే ఆమె పేరు ప్రాణంగా దాచండి. చట్టం కూడా అదే చెబుతోంది. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షను బాధిత బాలల గుర్తింపును మీడియాలో బయటపెట్టకూడదంటోంది, సంపూర్ణమైన, ప్రామాణికమైన సమాచారం లేకుండా ఏ బాలుడి గురించీ, ఏ బాలిక గురించీ వారి పరువుకు భంగం కలిగేలా రాయకూడదని కూడా అంటోంది. అయితే ‘కొన్ని ఆరోపణలు’ అని ఊరికే రాసి వదిలేసే అలవాటు ఇలాంటి పిల్లకే ముందుగా ద్రోహం చేస్తుంది. ఈసారి నిజంగా ఒక పిల్ల నోరు విప్పితే మా వీధి ఏమంటుందో నాకు తెలుసు: పోయినసారి కూడా ఇలాగే రాశారు, ఏమీ లేదని తేలింది కదా అంటుంది.

మూలం పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టే హక్కు నాకు లేదు. పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు సంబంధించిన 1978 నాటి చట్టం 15వ సెక్షనులోనే, మూలం వెల్లడించమని కౌన్సిల్ ఏ పత్రికనూ, సంపాదకుణ్ణీ, విలేకరినీ ఒత్తిడి చేయరాదని ఉంది. అది మంచి రక్షణ, అది ఉండాలి. కానీ అదే కౌన్సిల్ రూపొందించిన ప్రవర్తనా నియమాలు, ఆధారం లేని పుకార్లనూ ఊహలనూ వాస్తవాలుగా రాయకూడదనీ, విషయానికి ఉన్న అన్ని పక్షాలనూ చూపాలనీ కూడా చెబుతున్నాయి. మొదటి మాటను పట్టుకుని రెండో మాటను వదిలేయడం న్యాయం కాదు. యూట్యూబ్ ఛానళ్ళు ఈ కౌన్సిల్ పరిధిలోకి రావు గనుక వారికి ఈ బాధ్యత లేదని ఎవరైనా అనుకుంటే, ఆ ఆరు నిమిషాల వీడియో చూసిన తల్లులు పత్రిక చదివినవారి కన్నా ఎక్కువ మంది అని గుర్తుచేస్తున్నాను.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. మండలాల్లో, బ్లాకుల్లో పనిచేసే కంట్రిబ్యూటర్లలో చాలామందికి నెలజీతం లేదు, పంక్తుల లెక్కన లైన్ అకౌంట్ వస్తుంది. ఒక ఫోను చేసి, కోచ్ కాదన్నాడని తెలుసుకుని వార్త మానుకుంటే ఆ రోజు అతనికి వచ్చేది సున్నా. ఆ కుర్రవాణ్ణి తీసేసి చేతులు దులుపుకున్న సంపాదకుడి మీదే నా ఫిర్యాదు ఎక్కువ.

ఆగితే పాఠకుడికి నష్టమేమిటో కూడా నాకు అర్థం కాలేదు. 2023 జనవరి 22న భువనేశ్వర్‌లో న్యూజిలాండ్ చేతిలో ఓడి మన హాకీ జట్టు ప్రపంచకప్ గెలిచే అవకాశం పోగొట్టుకుంది. కోచ్ గ్రాహమ్ రీడ్ రాజీనామా సంగతి 30న అధికారికంగా వెలువడింది. ఆ ఎనిమిది రోజులూ మా చీరల దుకాణంలో కూడా అదే చర్చ. ఎనిమిది రోజులు ఆగి తెలుసుకున్నందువల్ల మాలో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

అందువల్ల మేము మీ ముందు ఉంచుతున్న కోరికలు ఇవి.

1. కోచ్ వస్తున్నాడనో, పోతున్నాడనో, తీసేస్తున్నారనో రాసే ముందు ఆ కోచ్‌ను అడగండి. కనీసం ఒక పూర్తి రోజు గడువు ఇవ్వండి. ఆయన జవాబును అదే వార్తలో వేయండి. దొరకకపోతే, ఎన్నిసార్లు ప్రయత్నించారో రాయండి.

2. పేరు దాచినప్పుడు మూడు సంగతులు పాఠకుడికి చెప్పండి: ఆ మనిషి ఏ పక్షానికి చెందినవాడు, అతనికి ఈ సంగతి ఎలా తెలుసు, పేరు ఎందుకు దాచవలసి వచ్చింది. ‘పేరు చెప్పడానికి ఇష్టపడని’ అన్నది కారణం కాదు. ఇష్టపడకపోవడానికి కారణం కావాలి. ఈ నియమాన్ని నాకు నేను కూడా పెట్టుకుంటున్నాను: సంపాదకులకు పంపిన ప్రతిలో నా పూర్తి పేరు, చిరునామా, ఫోను నంబరు, సంతకం ఉన్నాయి. ఇక్కడ వేయకపోవడానికి కారణం మా అమ్మాయి మైనరు కావడం, నా పేరు వేస్తే ఆమెతోపాటు కేంద్రం మానేసిన ఆ నలుగురు ఆడపిల్లలు ఎవరో కూడా ఊరందరికీ తెలిసిపోవడం.

3. ఇంకో పత్రికలో వచ్చిందన్నది రెండో ఆధారం కాదు. మొదటి మనిషితో సంబంధం లేని ఇంకో మనిషి స్వయంగా ఎరిగి చెబితేనే రెండోది అనండి.

4. ఆరోపణ అన్న మాట వేస్తే అది ఎటువంటిదో, ఎవరికి ఫిర్యాదు అందిందో కూడా వేయండి. అది చెప్పలేకపోతే ఆ మాటే వేయకండి. పిల్లల మీద వేధింపు అన్న సమాచారమైతే భోగట్టాగా రాసి వదిలేయకుండా పోలీసులకు చేరేలా చూడండి, ఆ తరవాత వెంటపడి రాయండి.

5. ఒడియా నుంచి తెలుగులోకీ, తెలుగు నుంచి ఒడియాలోకీ మార్చేటప్పుడు ‘వచ్చు’ను ‘వచ్చు’గానే ఉంచండి.

6. తప్పని తేలితే మూడు రోజుల్లో, అదే పేజీలో, అదే అక్షరాల పరిమాణంలో సవరణ వేయండి. వీడియో అయితే దాన్ని తొలగించి, తొలగించిన కారణం చెబుతూ ఇంకో వీడియో పెట్టండి.

శిక్షణకేంద్రాలు నడిపేవారికీ, క్రీడాసంఘాలవారికీ ఒక మనవి. మీ కోచ్ ఒప్పందం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకూ ఉందో నోటీసు బోర్డు మీద అతికించండి, ఒడియాలోనూ తెలుగులోనూ. మాకు ఆ ఒక్క కాగితం ఉండి ఉంటే ఆ తొమ్మిది పంక్తుల దగ్గరికి పరుగెత్తేవాళ్ళం కాదు.

మా వార్త వేసిన పత్రిక నుంచి ఈ నెలాఖరులోగా సవరణ రావాలని కోరుతున్నాం. రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపడానికి కాగితాలు సిద్ధం చేసుకున్నాం. మా ఉత్తరాల నకళ్ళూ, స్పీడ్ పోస్టు రసీదులూ వాటికి జతచేశాం. సవరణ రాయడం కష్టమని ఎవరైనా అంటే, మేమే రాసి ఇస్తున్నాం. తొమ్మిది పంక్తులు అక్కర్లేదు.

‘బరంపురం వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ ఒకరు ఆంధ్రాకు వెళుతున్నారనీ, ఆయనపై ఆరోపణలు ఉన్నాయనీ మా పత్రికలో లోగడ వచ్చిన వార్త ఆధారం లేనిది. ప్రచురించే ముందు ఆయనను సంప్రదించలేదు. ఆయన ఇక్కడే శిక్షణ ఇస్తున్నారు; కేంద్రం ఉదయం ఐదున్నరకు తెరుస్తారు.’

ఇట్లు,
బరంపురంలో ఒక వెయిట్‌లిఫ్టింగ్ శిష్యురాలి తండ్రి,
సంపాదకులకు పంపిన ప్రతి మీద సంతకాలు చేసిన మిగతా తల్లిదండ్రుల తరఫున కూడా